చార్టర్ హైస్కూలు గణాంకాల్లో ఏమి చూడాలి

పన్నెండో తరగతి ఫలితాలను బట్టి మీ అమ్మాయిని ఆ చార్టర్ హైస్కూలులో (ప్రభుత్వ నిధులతో, స్వతంత్ర నిర్వహణలో నడిచే అమెరికా పాఠశాల) చేర్చవచ్చా అని అడిగారు. ఆ ఒక్క అంకెతో నిర్ణయించవద్దని నా మనవి. అమెరికా జాతీయ విద్యా గణాంక కేంద్రం వెబ్‌సైటులో చార్టర్లతో సహా ప్రభుత్వ పాఠశాలలన్నిటి తరగతివారీ విద్యార్థుల సంఖ్య దొరుకుతుంది కనుక, మూడేళ్ల కిందటి తొమ్మిదో తరగతిని ఇప్పటి పన్నెండో తరగతితో పోల్చండి. ఉదాహరణకు 120 మందిలో 70 మందే మిగిలి ఉంటే, ఆ చక్కని ఫలితాలు మిగిలినవారివే అయి ఉండవచ్చు. వెళ్లిపోయిన పిల్లలు ఎవరో, ఎందుకు వెళ్లారో పాఠశాలను తప్పక అడగండి, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంటుంది.

ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లల, ప్రత్యేక విద్య అవసరమైన పిల్లల శాతాలను పొరుగు పాఠశాలలతో పోల్చండి. ఉచిత భోజనం పొందే పిల్లల శాతాన్ని మాత్రం పేదరికానికి కొలతగా నమ్మవద్దు. 2014 నుంచి దేశమంతటా అందుబాటులోకి వచ్చిన నిబంధన కింద కొన్ని పాఠశాలలు పేదవారా కాదా అని చూడకుండా పిల్లలందరికీ భోజనం ఉచితంగానే పెడుతున్నాయి.