పికప్ ట్రక్కుకి బాక్స్ ఫ్రేమ్ మంచిదా, సీ-ఛానెల్ మంచిదా?

ఫ్రేమ్ అంటే బండి కింద పొడవునా ఉండే ఉక్కు పట్టీల చట్రం. ఆ పట్టీ నాలుగు వైపులా మూసి గొట్టంలా ఉంటే బాక్స్, ఒక వైపు తెరిచి ఇంగ్లిష్ 'C' అక్షరంలా ఉంటే సీ-ఛానెల్. "బాక్స్ ఫ్రేమే బలమైనది" అని అందరూ అంటారు. అది సగం నిజం.

బరువు వేస్తే కిందికి వంగడం ఒకటి, గుంతలో ఒక చక్రం దిగినప్పుడు మెలితిరగడం ఇంకొకటి. వంగకుండా ఆపేది ముఖ్యంగా ఫ్రేమ్ పట్టీ ఎత్తు, అందులో ఉన్న ఉక్కు. అవి సమానమైతే రెండు రకాలకూ పెద్ద తేడా రాదు. మెలి దగ్గరే అసలు తేడా. ఒక పీవీసీ పైపుని చేత్తో మెలితిప్పి చూడండి, కదలదు. దాన్నే నిలువునా ఒక గీత కోసి తిప్పండి, సులువుగా తిరిగిపోతుంది. ప్లాస్టిక్ అంతే ఉంది, బిగువు మాత్రం వందల రెట్లు పడిపోయింది. సీ-ఛానెల్ అంటే ఆ కోసిన పైపే.

ఫ్రేమ్ మెలితిరగకపోతే గతుకుల పని సస్పెన్షనే చూసుకుంటుంది, స్టీరింగ్ కుదురుగా ఉంటుంది. ఫోర్డ్ ఎఫ్-150 2004 మోడల్‌తో పూర్తి బాక్స్‌కి మారింది. టొయోటా టండ్రా 2007లో ముందు బాక్స్, వెనక సీ-ఛానెల్ పెట్టి, 2022లో మొత్తం బాక్స్ చేసింది.

అలాగని సీ-ఛానెల్ నాసిరకం కాదు. మన లారీల ఛాసిస్ చూడండి, ఎక్కువగా అదే. బోల్టు బిగించడం, బాడీ కట్టడం, అతుకు వేయడం తేలిక. కాస్త మెలితిరుగుతుంది కాబట్టి ఎగుడుదిగుడు నేలమీద చక్రాలు నేలని వదలవు. బాక్స్‌లో బురద చేరితే లోపల తుప్పు పట్టినా బయటికి కనపడదు, అదొక తలనొప్పి.