అమ్మాయి ఉద్యోగం పోయిందని దాస్తే కొత్తది ఎలా వస్తుందండీ?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులు చేస్తాం. మా అమ్మాయి హైదరాబాద్‌లో 4 ఏళ్లు డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగం చేసింది. 3 నెలల క్రితం లేఆఫ్ అని పంపేశారు. 200 చోట్ల అప్లై చేస్తే 2 ఫోన్లే వచ్చాయి. ఏఐ కోర్సు చేస్తే ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు, ఫీజు 1.80 లక్షలు. కట్టమంటారా, మార్కెటింగ్‌లోనే వెతకమంటారా? సంబంధాలు చూస్తున్నాం కాబట్టి ఊళ్లో వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెబుతున్నాం. చుట్టాలు చూస్తారని లింక్డిన్‌లో కూడా ఏమీ పెట్టొద్దన్నాం.

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే అయినా మీ అసలు బెంగ చివరి రెండు వాక్యాల్లో ఉందండీ. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఊరి పేరు, కంపెనీ మారతాయి గానీ, నలుగురికీ ఏం చెప్పాలన్న టెన్షన్ మాత్రం అన్నింట్లోనూ ఒకటే.

లేఆఫ్ అంటే తప్పు చేస్తే తీసేయడం కాదు. కంపెనీకి డబ్బు ఇబ్బంది వస్తే ప్రకటనల ఖర్చు మీద త్వరగా కోత పడుతుంది. ఆ ఖర్చు చూసే వాళ్ల ఉద్యోగాలకూ దాంతోపాటే ఎసరొస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రేటు పడిపోయింది కదా, అందులో మీ పెంపకం లోపం ఏమైనా ఉందా? మీ అమ్మాయి విషయమూ అంతే.

కటువుగా ఉన్నా ఒక మాట చెప్పక తప్పదు. చాలా ఉద్యోగాలు ప్రకటన దాకా రాకముందే తెలిసినవాళ్ల ద్వారా నిండిపోతాయి. ఆ తెలిసినవాళ్లకే ఈ సంగతి తెలియకుండా మీరు అడ్డం పడ్డారు. పిల్ల నోరు కట్టేసి, ఎవరూ పిలవట్లేదేమిటని అడగడం న్యాయం కాదు. ఇక సంబంధాలంటారా, ఇవాళ అబద్ధం మీద కుదిరిన సంబంధం రేపు పే స్లిప్ అడిగితే ఏమవుతుందో మీకే తెలుసు.

ఇక్కడి నుంచి అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

200 అప్లికేషన్లకు 2 ఫోన్లంటే లోపం ఇంటర్వ్యూలో కాదు, అంతదాకా ఆమె వెళ్లనే లేదు. లోపం రెజ్యూమేలోనో, పంపిన చోట్లలోనో ఉంది. ఆఫీసులో ఇదే లెక్క చూసి ఉంటే ప్రకటన మార్చాలని ఆమే చెప్పేది. ఎంతమంది చూశారు, ఎంతమంది క్లిక్ చేశారు, చివరికి ఎంతమంది కొన్నారు అని రోజూ లెక్కలు చూసిన అమ్మాయి తన విషయంలో మాత్రం ఒకే రెజ్యూమేని అందరికీ పంపుతూ కూర్చున్నట్టుంది. దిగులులో ఉన్న మనిషికి తన పనితనం తనకే గుర్తుండదు, అది సహజమే.

రొయ్యలు కొనడానికి వచ్చినవాడితో ‘సరుకు బాగుందండీ’ అని ఊరుకోరు కదా, కౌంట్ చెబుతారు. కిలోకి 30 తూగితే ఒక రేటు, 100 తూగితే ఇంకో రేటు. రెజ్యూమేలోనూ అంతే. ‘సోషల్ మీడియా చూసుకున్నాను’ అంటే కౌంట్ చెప్పనట్టే. నెలకు ఎంత బడ్జెట్ నడిపింది, ఒక్కో లీడ్‌కి, అంటే కొనే ఆసక్తి చూపిన ఒక్కో మనిషికి, అయ్యే ఖర్చు ఎంత నుంచి ఎంతకు తగ్గించింది అనేవి నిజమైన అంకెలతో రాయాలి. తర్వాత, తన అనుభవం బాగా పనికొచ్చే ఒక రంగంలో, అది చదువులైనా ఆసుపత్రులైనా, 30 కంపెనీలు ఎంచుకుని, రెండు రకాల రెజ్యూమేలు చెరో 15 చోట్లకు పంపి, దేనికి ఫోన్లు వస్తున్నాయో ఒక షీట్‌లో రాసుకోవాలి. లేఆఫ్ సంగతి అడిగితే ఒక్క వాక్యంలో చెప్పి పని గురించి మాట్లాడాలి. లింక్డిన్‌లో ‘ఓపెన్ టు వర్క్’, అంటే ఉద్యోగం వెతుక్కుంటున్నానని పెట్టేటప్పుడు రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకునే వీలుంది. చుట్టాల భయం ఇంకా పోకపోతే దాంతోనైనా మొదలుపెట్టండి.

ఇక ఆ కోర్సు. ఏఐ నేర్చుకోవద్దని నేను అనను, మార్కెటింగ్ చేసేవాళ్లకు అది కావాలి కూడా. కానీ గ్యారంటీ అన్న మాట వింటే నాకు భయం. గ్యారంటీ కాగితం మొత్తం చదవండి. ఇన్ని క్లాసులు మానకూడదు, ఇన్ని పరీక్షలు పాసవ్వాలి, చూపించిన ఉద్యోగం ఏదైనా వద్దనకూడదు లాంటి షరతులు కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఫీజు వాయిదాలు అని సంతకం పెట్టించుకునేది చాలాసార్లు ఫైనాన్స్ కంపెనీ లోను కాగితం. తణుకు నుంచి వచ్చిన ఒక కుర్రాడు కోర్సు నచ్చక రెండో నెలలోనే మానేశాడు, ఈఎంఐలు మాత్రం ఏడాది పాటు వాళ్ల నాన్న కట్టారు. పైగా 4 ఏళ్ల అనుభవాన్ని పక్కనపెట్టి కొత్త రంగంలోకి వెళ్తే ఆమె మళ్లీ ఫ్రెషర్ల వరసలో నిలబడాలి. గూగుల్ స్కిల్‌షాప్‌లో యాడ్స్ సర్టిఫికెట్, హబ్‌స్పాట్ అకాడమీ కోర్సులు ఉచితం. ముందు అవి చేయనివ్వండి. రెండిటినీ పోల్చి చెప్పమన్నారు గానీ, ఈ పరిస్థితిలో నాకు పోలికే కనిపించడం లేదు.

ఈలోగా చేతిలో పని ఉంటే మనసూ కుదుటపడుతుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ ఆన్‌లైన్ ఆర్డర్లు పెంచుకోవాలనుకునే దుకాణాలు ఉంటాయి. కడియం మొక్కల నర్సరీలూ, నరసాపురం లేసు అమ్మేవాళ్లూ ఉన్నారు. ఒక్కరి దగ్గర రెండు నెలలు పనిచేసినా రెజ్యూమేలో ఖాళీ ఉండదు. డబ్బు కొద్దిగానైనా తీసుకోమనండి, ఊరికే చేయొద్దు.

ఆ 1.80 లక్షలు బ్యాంకులోనే ఉండనివ్వండి. ఈ ఆదివారం మీ వైపు, మీ ఆవిడ వైపు, హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్న పిల్లల పేర్లు కాగితం మీద రాయండి. మొదటి ఫోన్ అమ్మాయితో చేయించకండి, మీరే చేయండి. ‘మా అమ్మాయికి లేఆఫ్ అయిందమ్మా, మీ కంపెనీలో ఏమైనా ఉంటే చూస్తావా’ అని అడగండి. ఆ మాట మీ నోటి నుంచి ఆమె ఇంట్లో కూర్చుని వినాలి.