ముందు పోటు ఎన్నింటికో చూసుకో

అమ్మలూ,

బైనాక్యులర్స్ కొన్నావని, శనివారం స్కాట్లాండ్ ఉత్తరాన సముద్రపు నీళ్లు వచ్చిపోయే లోక్ ఫ్లీట్ మడుగుకి పక్షులు చూడ్డానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎన్నింటికి బయల్దేరతావంటే "లేచినప్పుడు" అన్నావట. అందుకే ఈ ఉత్తరం.

అక్కడ మనం లేచే టైముతో పనిలేదు, సముద్రం పోటుతోనే పని. నీళ్లు తీసినప్పుడు ఆ లోక్ చాలావరకు బురదా, ఇసకా. పక్షులు ఎక్కడో చుక్కల్లా ఉంటాయి. నిండు పోటుకి రెండు గంటల ముందు చేరావంటే, ఎక్కే నీళ్లే వాటిని ఒడ్డుకి తోలుకొస్తాయి. దక్షిణపు ఒడ్డున కారు ఆపి, అద్దం దించుకుని లోపలే కూర్చో. కారుకి బెదరవు, దిగిన మనిషికి బెదురుతాయి.

నా మొదటి చలికాలం ఫొటో కోసం నాలుగడుగులు ముందుకేశాను. ఒంటికాలి మీద కునుకు తీస్తున్న ఆయిస్టర్‌క్యాచర్ల గుంపంతా లేచిపోయింది. ఆ చలికి తిన్నదాన్ని ఒంట్లో దాచుకోవాల్సిన పిట్టలవి. ఆ బాధ నాకింకా పోలేదు.

ఏప్రిల్‌లో ఆఫ్రికా నుంచి ఆస్ప్రే వస్తుంది. చలికాలం మన పులికాట్‌లో కనిపించే చేపల గద్దది కూడా ఇదే జాతి. వేటగాళ్లు, గుడ్లు దొంగిలించేవాళ్లు స్కాట్లాండ్‌లో లేకుండా చేస్తే, 1950ల్లో మళ్లీ వచ్చి గూళ్లు కట్టింది. గూడు వెతకొద్దు. లోక్‌కి అడ్డంగా 1816లో కట్టిన మౌండ్ కట్ట దగ్గర ఓపిగ్గా నిలబడు. కాళ్లు ముందుకు చాచి దబ్బున నీళ్లలో పడుతుంది. పైకి లేచాక గాల్లోనే ఒళ్లు విదిలిస్తుంది. తర్వాత చేప తల ముందుకొచ్చేలా కాళ్లతోనే తిప్పుకుంటుంది. ఆ తిప్పుకోవడం మాత్రం మిస్ కావద్దు.

జూన్‌లో అదే లోక్ ఒడ్డున లిటిల్‌ఫెరీ దగ్గర ఐడర్ బాతులు చూడు. పెళ్లింట్లోలాగా ఏ పిల్ల ఏ తల్లిదో తెలీదు, అందరి పిల్లల్నీ అందరూ కాస్తారు. అప్పుడు బాట దిగొద్దు, ఇసకలో గుడ్లుంటాయి.

అక్టోబర్‌కల్లా ఐస్‌లాండ్ నుంచి విజియన్ బాతులు దిగుతాయి. కంటికంటే ముందు చెవికి తెలుస్తాయి, సన్నటి ఈల. డిసెంబర్‌లో మూడున్నరకే పొద్దుగూకుతుంది కాబట్టి, పోటు పగటిపూట పడే రోజే ఎంచుకో.

శనివారం పోటు ఎన్నింటికో చూసి ఫోన్ చెయ్యి. ఇన్వర్నెస్ నుంచి గంట పైనే ప్రయాణం, ఫ్లాస్కులో టీ పోసిస్తాను.

పెద్దమ్మ