లోపల నలుపు, బయట ఎరుపు: ఆ పాత కుండకు ఎవరూ రంగు వేయలేదు

మ్యూజియంలో చూసిన పాత కుండ లోపలా మూతి దగ్గరా నల్లగా, బయట ఎర్రగా ఉందని, రెండు రంగులు పూశారా అని అడిగారు. అలాంటిదే ఒక పెంకు మీ పొలం దగ్గర రాకాసి గుళ్ళ (పాతకాలపు రాతి సమాధుల) పక్కన దొరికిందనీ, దాన్ని స్టవ్ మీద కాల్చి చూస్తాననీ రాశారు. దయచేసి ఆ పని చేయకండి. ఎందుకో చివర్లో చెబుతాను.

మా తాతగారు కుమ్మరి. నేను చదివింది మెటీరియల్స్ ఇంజినీరింగ్. కుండలు కాల్చే ఆవంలో కొన్ని కుండలు నల్ల మచ్చలతో వచ్చేవి. ఎందుకని చిన్నప్పుడు అడిగితే "ఊపిరాడని చోట నల్లబడుద్ది" అనేవారు. చాలా ఏళ్ళ తర్వాత ల్యాబ్‌లో నేను నేర్చుకున్నదీ అదే.

మన చెరువు మట్టిలో ఇనుము ఉంటుంది. కాలేటప్పుడు గాలి బాగా ఆడితే అది హెమటైట్ అనే ఎర్రటి ఇనుప ఆక్సైడ్‌గా మారి ఇటుక ఎరుపు వస్తుంది. గాలి అందక పొగ కమ్మితే ఇనుము ఎరుపెక్కదు, పైగా మసి మట్టి రంధ్రాల్లోకి దిగిపోతుంది. కుండలో ఊకో ఆకులో కూరి, బోర్లించి కాలిస్తే లోపలికి గాలి పోదు, బయట మాత్రం మంటా గాలీ తగులుతాయి. రెండు రంగులూ ఒక్క కాల్పులోనే వచ్చేస్తాయి. ముందు మొత్తం ఎర్రగా కాల్చి, తర్వాత విడిగా పొగ పట్టించి ఉంటారని చెప్పే పరిశోధకులూ ఉన్నారు. ఎలా చేసినా రంగు పుట్టింది నిప్పులోనే.

ఎం.టెక్‌లో ఒక తవ్వకం నుంచి అనుమతితో వచ్చిన ఇలాంటి పెంకును రెండుగా కోసి, ఒక ముక్కను ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లో గాలి ఆడేలా 800 డిగ్రీల దగ్గర కాల్చాం. బయటికి తీసేసరికి నలుపంతా పోయి నిండా ఎర్రగా ఉంది. మసి కాలిపోయిందన్నమాట. మాంగనీస్ లాంటి ఖనిజంతో వేసిన నల్ల రంగైతే అలా పోదు. ఆ ఎర్రటి ముక్కను చేతిలో పట్టుకున్నప్పుడు తాతగారు ఉంటే బాగుండునని ఎంత అనిపించిందో!

ఎంత వేడిలో కాల్చారో తెలుసుకోవడానికి ఎక్స్‌రే డిఫ్రాక్షన్ చేస్తారు, అంటే ఎక్స్‌రేలతో అందులో ఏ ఖనిజాలున్నాయో గుర్తిస్తారు. కేయొలినైట్ అనే బంకమట్టి ఖనిజం సుమారు 550 డిగ్రీల దగ్గర చెదిరిపోతుంది. ముల్లైట్ అనే ఖనిజం ఏర్పడాలంటే సుమారు 1000 దాటాలి. మా పెంకులో రెండూ లేవు, మరీ ఎక్కువ వేడికి చెదిరిపోయే అభ్రకం జాతి ఖనిజాల గుర్తులు మాత్రం మిగిలున్నాయి. నేను 700 అని ఒకే అంకె రాసి తీసుకెళ్తే మా గైడ్ కొట్టేసి, 600 నుంచి 850 మధ్య అని రాయించారు. అసలు ఆ మట్టిలో కేయొలినైట్ మొదటి నుంచీ లేకపోయి ఉండొచ్చు కదా. పైగా మంట ఎంతసేపు నిలిచిందన్నదీ లెక్కలోకి వస్తుంది.

వేల ఏళ్ళు నిలవడానికి కారణం కూడా ఈ వేడే. ఎండబెట్టిన మట్టి నీళ్ళలో కరుగుతుంది. దాని ఖనిజాల నిర్మాణంలోని నీరు ఒకసారి పోయాక అది మళ్ళీ బురద కాదు.

ఇక మీ పెంకు సంగతి. మట్టిలోని ఇసుక రేణువులు కాల్చిన రోజు నుంచీ చుట్టూ ఉన్న రేడియేషన్ నుంచి వచ్చే శక్తిని కొద్దికొద్దిగా నిల్వ చేసుకుంటాయి. థర్మోల్యూమినిసెన్స్ పద్ధతిలో దాన్ని కొలిచి వయసు కడతారు. మళ్ళీ కాలిస్తే ఆ లెక్క సున్నాకు వచ్చేస్తుంది. మేం కాల్చిన ముక్క వయసు ఇక ఎవరూ కట్టలేరు, అందుకే రెండో ముక్కను కాల్చలేదు. మీ పెంకును కడగకుండా, దొరికిన చోటు గుర్తు పెట్టుకుని, పక్కన స్కేలు ఉంచి ఫొటో తీసి పురావస్తు శాఖ వాళ్ళకు చూపించండి.

ప్రయోగం చేయాలనుంటే ఇంట్లో పగిలిన పూలకుండీ తీసుకుని, విరిగిన అంచును చూడండి. రెండు ఎర్రటి పొరల మధ్య నల్ల చార కనిపిస్తే, మట్టిలోని ఆకూ పీచూ పూర్తిగా కాలకముందే మంట ఆగిపోయిందని అర్థం.