కొల్లేరు మ్యాప్ వేయబోతున్న మేనకోడలికి

చి. స్వాతికి,

మామయ్య ఆశీస్సులు. కొల్లేరు మీద మ్యాపింగ్ ఇంటర్న్‌షిప్ వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. డబ్బులు కట్టించుకుని, నాలుగు వీడియోలు చూపించి సర్టిఫికెట్ చేతిలో పెట్టే బాపతు కాదని తెలిసి మనసు కుదుటపడింది.

ఉన్నవి రెండు నెలలే. మ్యాపులు వేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ప్రతి బటనూ నేర్చుకున్నాకే పని మొదలుపెడతానని కూర్చోకు. మొదటి వారంలోనే ఒక చిత్తు మ్యాప్ వేసెయ్. మిగతా టైమంతా అది ఎక్కడెక్కడ అబద్ధం చెబుతోందో పట్టుకోవడానికి అట్టేపెట్టుకో.

కొల్లేరులో ఆ అబద్ధాలకు కొదవ లేదు. సెంటినెల్-2 ఉపగ్రహం తీసిన బొమ్మ మీద నీటి సూచిక (నీళ్లున్న చోటును నీలంగా చూపించే లెక్క) వేస్తే సరస్సూ నీలమే, చేపల చెరువూ నీలమే, నాట్ల రోజుల్లో నీళ్లు కట్టిన వరి మడీ నీలమే. అసలైన సరస్సులో గుర్రపు డెక్క పరుచుకున్న చోటు మాత్రం పచ్చగా పొలంలా కనిపిస్తుంది! చేపల చెరువుల్ని తిన్నటి గట్లను బట్టి గుర్తుపట్టచ్చు. కానీ ఆ బొమ్మలో ఒక్కో గడి 10 మీటర్లు, సన్నటి గట్టు అందులో కలిసిపోతుంది. వరి సంగతి తేలాలంటే ఒక్క తేదీ చాలదు. నాట్లప్పుడు నీలంగా ఉండి, తర్వాత పచ్చబడి, కోతలయ్యాక బోడిగా మారితే అది పొలం. వానాకాలంలో మబ్బులు అడ్డమొస్తే మబ్బుల్లోంచీ చూడగల సెంటినెల్-1 రాడార్ బొమ్మలే దిక్కు.

ఏళ్ల మధ్య తేడా చూసేటప్పుడు ఒకే నెల బొమ్మలు తీసుకో. ఒక ఏడాది మే పక్కన ఇంకో ఏడాది అక్టోబరు పెడితే, బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదను చూసి సరస్సు పెరిగిందనుకుంటావు. తేదీ ఫైలు పేరులోనే ఉండాలి. 'ఫైనల్', 'కొత్త ఫైనల్' అని పెట్టావా, నెలాఖరుకి ఏది ఏదో నీకే తెలియదు.

ఇంకొకటి. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు, అంటే కాగితం మ్యాపులు, ఎవరెస్ట్ అనే పాత భూమి కొలతల లెక్కలో ఉంటాయి, శాటిలైట్ బొమ్మలు డబ్ల్యూజీఎస్ 84 అనే కొత్త లెక్కలో. మార్చకుండా ఒకదాని మీద ఒకటి వేస్తే వంద మీటర్ల పైనే జరుగుతుంది, గట్టు వెళ్లి చెరువులో పడుతుంది. భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టే యూటీఎం పద్ధతిలో కొల్లేరు 44వ జోన్. రేపు అనంతపురం ప్రాజెక్టు వస్తే అది 43, ఇదే సెట్టింగు అక్కడ వాడకు.

ఇక ఫీల్డ్. సిగ్నల్ లేకపోయినా క్యూఫీల్డ్ అనే మ్యాప్ యాప్ ఫోన్‌లో పనిచేస్తుంది, మ్యాప్ ముందే ఎక్కించుకో. గట్టు మీద నిలబడి పాయింట్ తీసుకుంటే ఆ పాయింట్ గట్టుదే. నువ్వు చూసింది ఏ వైపు ఉందో, ఎంత దూరమో కూడా రాసుకో. నీకు సందేహం ఉన్న చోట్లకే కాదు, కచ్చితంగా నీరే అనుకున్న చోట్లకూ వెళ్లు.

అన్నిటికంటే ముఖ్యం, అక్కడి మనుషులు. 2006లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. లంక గ్రామాల్లో ఆ సంగతి ఎవరూ మర్చిపోలేదు. ఫోన్ పట్టుకుని చెరువుల ఫొటోలు తీస్తూ తిరిగితే మళ్లీ కొట్టేయడానికి సర్వేకి వచ్చారనుకుంటారు. వాళ్ల టెన్షన్ వాళ్లది, తప్పు పట్టలేం. ముందు ఊళ్లోకి వెళ్లి, కాలేజీ ఉత్తరం చూపించి, ఎందుకొచ్చావో చెప్పు. ఏ చెరువు ఎవరిదన్నది అడగొద్దు, రాయొద్దు, నీ పనికి అది అక్కర్లేదు. అడగాల్సింది వేరే ఉంది: ఏ నెలలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి, డెక్క ఎప్పుడు పెరుగుతుంది, సరస్సు నీటిని సముద్రానికి మోసే ఉప్పుటేరు వైపు నీరు ఎక్కడ ఆగుతోంది. పడవ నడిపేవాళ్లని అడుగు. అభయారణ్యం లోపలికైతే అటవీశాఖ అనుమతి కావాలి, దానికి ఇప్పుడే అర్జీ పెట్టించు.

రిపోర్టులో ఎన్ని పాయింట్లు చూశావో, అందులో మ్యాప్ ఎన్నిచోట్ల తప్పిందో పట్టిక వెయ్యి. తక్కువ మార్కులేస్తారని దాన్ని దాచకు. ఆఫీసు డేటా ఇంటికి తెచ్చుకోవచ్చో లేదో మొదటి రోజే అడిగేసెయ్.

చిత్తు మ్యాప్ అవగానే నాకు పంపు. ఎక్కడెక్కడ దిగి చూడాలో గుర్తులు పెట్టి ఇస్తాను.

మీ మామయ్య