కథా కావాలి, రచ్చా కావాలి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ బెంగళూరు నుంచే. అందులోనూ చాలామంది అడిగింది ఓపెన్ వరల్డ్ షూటర్ల (పెద్ద ప్రాంతంలో ఇష్టమొచ్చినట్టు తిరుగుతూ కాల్చుకునే గేముల) గురించే, అందుకని ఈ నెల వాటికే కేటాయిస్తున్నాను. కొన్ని గేముల కథలు మధ్యలో బయటపడతాయి, ఇంకా ఆడనివాళ్లు చూసుకుని చదవండి.

ప్రశ్న: అక్కా, మారతహళ్లిలో ఒక పీజీలో ఐదుగురం ఉంటాం, అందరం తెలుగువాళ్లమే. అందరికీ కలిపి ఒక్కటే పీఎస్ ఫోర్. శనివారం రాత్రి ఒకడు కంట్రోలర్ పట్టుకుంటే మిగతావాళ్లం చుట్టూ కూర్చుంటాం. ఇప్పుడు ఫార్ క్రై 5 నడుస్తోంది. కట్‌సీన్ (ఆట ఆగి కథ నడిచే సీన్) రాగానే వీళ్లు "స్కిప్ కొట్టరా" అని అరుస్తారు, నాకేమో ఆ జోసెఫ్ సీడ్ ఏం చెబుతాడో వినాలని ఉంటుంది. అలాగని మంచి ఊపులో రచ్చ చేస్తుంటే మధ్యలో ఎత్తుకుపోయి కుర్చీకి కట్టేస్తే నాకూ చిరాకే. సీరియస్ కథా, ఈ గోలా ఒకే గేమ్‌లో ఇమడవా?
*మారతహళ్లి నుంచి ఒక పాఠకుడు*

జవాబు: ఇముడుతాయి తమ్ముడూ. తోలుబొమ్మలాట చూసినవాళ్లెవరూ ఇమడవని అనరు. రామాయణం నడుస్తుంటుంది, సీతమ్మ ఏడుస్తుంటుంది, అంతలో కేతిగాడూ బంగారక్కా తెర మీదికి వచ్చిపడి ఒకళ్లనొకళ్లు తిట్టుకుని, తన్నుకుని జనాన్ని పగలబడి నవ్విస్తారు, వాళ్లు అటు వెళ్లగానే అదే జనం మళ్లీ సీతమ్మ కోసం కళ్లు తుడుచుకుంటారు. కేతిగాడు చేసే పని రాముడు చెయ్యడు కాబట్టి అది కుదిరింది. ఓపెన్ వరల్డ్ షూటర్‌కి వచ్చేసరికి ఇద్దరి పనీ ఒకే బొమ్మతో చేయించాలి, పైగా ఆ బొమ్మని ఆడించేది మనం. అన్న చచ్చిపోయాడని కట్‌సీన్‌లో ఏడ్చినవాడే రెండు నిమిషాల తర్వాత జీపు నిండా బాంబులంటించి కొండ మీద నుంచి తోసి ఎంత దూరం ఎగిరిందో చూసుకుంటాడు. చిక్కంతా ఇక్కడే ఉంది.

మీరు ఆడుతున్న ఫార్ క్రై 5 (2018) సంగతే తీసుకో. మోంటానాలో హోప్ కౌంటీ అనే కల్పిత ప్రాంతం, దాన్ని గుప్పిట్లో పెట్టుకున్న జోసెఫ్ సీడ్ అనే మతగురువు, ఆయన కింద తలా ఒక భాగాన్ని ఏలే జాన్, జేకబ్, ఫెయిత్. బందీని విడిపించినా, వాళ్ల ట్యాంకర్ పేల్చినా రెసిస్టెన్స్ పాయింట్లు పడతాయి, మీటర్ ఒక గీత దాటగానే మనుషులు వెంటపడి మత్తు తూటాలతో కొట్టి నిన్ను ఎత్తుకుపోతారు. ఆలోచన నిజంగా మంచిది. ఎలాగూ అందరూ రచ్చ చేస్తారు, ఆ రచ్చే కథని ముందుకు తోయాలి అనుకున్నారు. కాకపోతే రచ్చకీ కథకీ మధ్య ఉన్న ముడి ఒక అంకె మాత్రమే. నువ్వు ఏం చేశావన్నదానితో పని లేదు, ఎన్ని పాయింట్లన్నదే లెక్క. అందుకే నువ్వు ఎక్కడో ప్రశాంతంగా చేపలు పడుతున్నా వచ్చి ఎత్తుకుపోతారు, అలా ఒకే ప్రాంతంలో మళ్లీ మళ్లీ జరిగేసరికి విలన్ మాటలు ఎంత బాగా రాసినా చెవికెక్కవు. నీ చిరాకులో న్యాయముంది.

ఇదే కంపెనీ, యుబిసాఫ్ట్, 2012లో ఫార్ క్రై 3లో దీనికంటే చాలా బాగా చేసింది. జేసన్ బ్రోడీ అనేవాడు స్నేహితులతో సెలవులకని వెళ్లి వాస్ అనే దొంగల నాయకుడి చేతిలో పడతాడు, అన్న కళ్ల ముందే చచ్చిపోతాడు, మొదటిసారి ఒకణ్ని చంపాల్సి వచ్చినప్పుడు వీడికి వణుకు పుడుతుంది. కొన్ని గంటల ఆట తర్వాత వీడి చేతికి ఫ్లేమ్‌త్రోయర్ ఇచ్చి గంజాయి తోటలు తగలబెట్టమంటారు. స్పీకర్లు పగిలిపోయేలా డబ్‌స్టెప్ పాట మొదలవుతుంది, నిప్పు ఒక మడి నుంచి ఇంకో మడికి పాకుతుంది, జేసన్ ఆనందంతో కేకలేస్తాడు. ఆ క్షణాన మీ రూములో ఐదుగురూ కూడా కేకలేస్తారు, నేను రాసిస్తాను. ఆ ఆనందాన్నే కథ పట్టుకుంటుంది. రానురాను స్నేహితులు వీణ్ని చూసి భయపడటం మొదలుపెడతారు, చివరికి వాళ్లని కాపాడతావా లేక అడవిలోనే ఉండిపోతావా అని గేమ్ సూటిగా అడుగుతుంది. నువ్వు చేసిన రచ్చే వాడి పతనం. రాముడు మెల్లమెల్లగా కేతిగాడై, అక్కణ్నుంచి రాక్షసుడయ్యే కథ ఇది, అందుకే ఒకే బొమ్మతో నడిచింది. చివరి గంటలు కొంచెం సాగుతాయి, వాస్ పోయాక ఊపు తగ్గుతుంది, అయినా నా లెక్కలో ఈ రెండింటినీ కలిపిన గేముల్లో దీనిది పైమెట్టే.

రాక్‌స్టార్ అనే కంపెనీ వాళ్లు జీటీఏ 5 (గ్రాండ్ తెఫ్ట్ ఆటో, 2013)లో ఇంకో దారి పట్టారు, బొమ్మల్నే మూడు చేశారు. ఇంటి గొడవలన్నీ మైకేల్‌కి, ఎదగాలనే తపన ఫ్రాంక్లిన్‌కి, పిచ్చంతా ట్రెవర్‌కి. గుంపుల మీద గుంపుల్ని కాల్చిపారేసే రాంపేజ్ మిషన్లు ట్రెవర్‌కి మాత్రమే పెట్టారు చూడు, అది ఎంతో ఆలోచించి చేసిన పని. అంతకుముందు జీటీఏ 4 (2008)లో యుద్ధం తలుచుకుని కుమిలిపోయే నీకో బెలిక్ అనే హీరోతో ట్యాక్సీలు గుద్దించాలంటే చాలామందికి చెయ్యి రాలేదు, నాకూ రాలేదు.

ఇక మీ పీజీ తగువుకి ఒక దారి. ఫార్ క్రై 5లో మీటర్ గీత దగ్గరపడటం మ్యాప్‌లో కనిపిస్తూనే ఉంటుంది కదా, అక్కడ కంట్రోలర్ నువ్వు తీసుకో. ఎత్తుకుపోయే సీన్లు నీవి, మిగతా గోల వాళ్లది. జేకబ్ భాగం వరకైనా స్కిప్ లేకుండా చూడమని ఒప్పించు, ఎందుకంటే అక్కడ ఆ శిక్షణ గదిలో తుపాకీ పట్టుకుని పరుగెత్తడమే కథ, స్కిప్ కొడితే చివర్లో ఏం జరిగిందో ఎవరికీ అర్థం కాదు.

ప్రశ్న: నమస్తే అండి. మేం వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం. మా బాబు పదో తరగతి. స్నేహితుడింట్లో జీటీఏ 5 ఆడుతున్నాడు. ఒకరోజు నేను వెళ్లేసరికి ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్ల మీదికి కారెక్కించి విరగబడి నవ్వుతున్నాడు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. వాడికి జాలి లేదా?
*వైట్‌ఫీల్డ్ నుంచి ఒక తల్లి*

జవాబు: అమ్మా, మీ భయం అర్థమైంది. ముందు ఒక మాట: ఆ గేమ్ పదో తరగతి పిల్లలది కాదు. యూరప్‌లో దానికి 18 ఏళ్ల రేటింగ్, అమెరికాలో 17. కాబట్టి ఆపించండి, అందులో మొహమాటం వద్దు, అవతలి ఇంటివాళ్లకీ ఫోన్ చేసి చెప్పండి.

ఆ నవ్వు చూసి మాత్రం మీ అబ్బాయి గురించి చెడుగా అనుకోకండి. రోడ్డు మీద నడిచే ఆ మనుషులకి గేమ్‌లో పేరు లేదు, ఇల్లు లేదు, వీధి చివర తిరిగితే మాయమై మళ్లీ ఇంకెక్కడో పుడతారు. కారు తగలగానే గాల్లో మూడు పల్టీలు కొట్టి పడటం చూసి నవ్వొస్తుంది, మనిషి చచ్చిపోయాడని కాదు. ఆ వయసువాడు వాళ్లని బొమ్మలుగానే చూస్తాడు, గేమ్ కూడా బొమ్మలుగానే చూపిస్తుంది.

నాకు భయం ఇంకోచోట. అదే గేమ్‌లో ఒక మిషన్‌లో ట్రెవర్ ఒక మనిషిని కుర్చీకి కట్టి హింసిస్తాడు, కరెంటా, నీళ్లా, పళ్లు పీకే పటకారా అన్నది ఆడేవాళ్లే ఎంచుకోవాలి, బటన్ నొక్కి వాళ్లే చెయ్యాలి. ఆ తర్వాత ట్రెవర్ అదే మనిషిని ఎయిర్‌పోర్టు దగ్గర వదిలేస్తూ ఇలాంటి హింస వల్ల నిజాలేమీ బయటికి రావని చెప్పుకొస్తాడు. పెద్దవాళ్లకి ఆ సీన్ ఉద్దేశం తెలుస్తుంది. పదిహేనేళ్లవాడికి ఆ చెప్పే మాట జారిపోయి, చేసిన పని ఒక్కటే గుర్తుండిపోవచ్చు. రేటింగ్ ఉన్నది అందుకే. అబ్బాయితో మాట్లాడేటప్పుడు కార్ల సంగతి వదిలేసి, ఈ మిషన్ దాకా వచ్చావా, ఏమనిపించింది అని అడగండి. తిట్టకుండా అడిగితే చెబుతాడు.

ప్రశ్న: అక్కా, సెయింట్స్ రో 2 మంచిదా, 3 మంచిదా? ఆఫీసులో ఇదే గొడవ.
*ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఒక పాఠకుడు*

జవాబు: రెండోది. 2008లో వచ్చిన ఆ గేమ్‌లో ఊరి మీద మురుగునీళ్లు జల్లే పిచ్చి పనీ ఉంది, కార్లోస్ అనే కుర్రవాణ్ని ట్రక్కుకి కట్టి ఈడ్చే సీనూ ఉంది. ఆ సీన్ తర్వాత నాకు కాసేపు ఆట నడపాలనిపించలేదు. 2011లో మూడోది వచ్చేసరికి సరదా రెట్టింపైంది, కానీ మొదటి గేమ్ నుంచీ మన పక్కనే ఉన్న జానీ గ్యాట్ లాంటి వాణ్ని మొదట్లోనే, అదీ తెర వెనకే చంపేశారు, బాధపడే తీరిక కూడా ఇవ్వలేదు. నాలుగులో ఏలియన్లు వచ్చారు. ఒకసారి దేన్నీ పట్టించుకోనక్కర్లేదని ఆటగాడికి అలవాటు చేశాక మళ్లీ పట్టించుకోమంటే కష్టం. రెండోది పీసీలో ఆడాలంటే మాత్రం ఓపిక కావాలి, పీసీకి మార్చిన పని బాగా చెయ్యలేదు.

ప్రశ్న: అక్కా, మాది కుప్పం. యలహంక దగ్గర ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్. ముగ్గురం కలిసి అన్‌రియల్ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో చిన్న ఓపెన్ వరల్డ్ షూటర్ చేస్తున్నాం. మూతబడ్డ గనుల ఊరు, హీరో చెల్లెల్ని ఒక ముఠా ఎత్తుకుపోతుంది, వాడు వెతుక్కుంటూ వస్తాడు. ఆడి చూసిన స్నేహితులందరూ చెల్లెల్ని మర్చిపోయి, గనిబండిని ట్రాక్టర్‌కి కట్టి గుట్టెక్కించి కిందికి వదిలి ఆడుకుంటున్నారు. మా సార్ ఆ బండి తీసేయమంటున్నారు. తీసేయాలా?
*యలహంక నుంచి ఒక విద్యార్థి*

జవాబు: తీయొద్దు! ముగ్గురు మనుషులు చేసిన గేమ్‌లో ఎవరూ చెప్పకుండానే జనం ఒక ఆట కనిపెట్టుకున్నారంటే మీ చేతికి బంగారం దొరికినట్టే. మీ సార్‌కి నా మాటగా చెప్పు.

మార్చాల్సింది చెల్లెలి కథ. ఎత్తుకుపోయారు అనగానే తొందర పుడుతుంది. తొందర పెట్టి, చుట్టూ పెద్ద మైదానం పరిచి, నీ ఇష్టమొచ్చినట్టు తిరుగు అంటే ఆ రెండు మాటలూ కొట్టుకుంటాయి. ఫాల్అవుట్ 4 (2015)లో పసిబిడ్డని ఎత్తుకుపోతే వెతకాల్సిన తల్లో తండ్రో ఊళ్లు కట్టుకుంటూ, కుర్చీలు సర్దుకుంటూ కూర్చుంటారు, అది ఎవరికైనా ఎబ్బెట్టుగా అనిపిస్తుంది. దానికి ముందు 2010లో అబ్సిడియన్ వాళ్లు చేసిన న్యూ వెగాస్‌లో తలలో తూటా దిగి బతికి బయటపడ్డవాడు తనని కాల్చినవాణ్ని వెతుకుతాడు. ఆ పగ ఈరోజే తీరకపోయినా ఏమీ కాదు, దారిలో నాలుగు ఊళ్లు తిరిగినా కథకి మచ్చ పడదు. మీ చెల్లెలు ఏళ్ల కిందట ఇల్లు వదిలి వెళ్లిపోయిందనుకోండి, ఇప్పుడు ఈ ఊళ్లో ఎవరో చూశామన్నారని అన్న వచ్చాడనుకోండి. వాడు తిరగాలి, అందరినీ అడగాలి, ఆగాలి. అప్పుడు మైదానమూ కథా ఒకే మాట చెబుతాయి.

రచ్చకి పాయింట్లు ఇచ్చి వాటితో మిషన్లు తెరిచే పద్ధతి కూడా మీకు తడుతుంది. జస్ట్ కాజ్ 2 (2010) అదే చేసింది, ప్రభుత్వం ఆస్తి ఎంత ధ్వంసం చేస్తే అన్ని ఖేయాస్ పాయింట్లు, వాటితో తర్వాతి మిషన్. చాలా సరదా గేమ్, నాకు ఇష్టం కూడా, కానీ అందులో కథ ఎవరికైనా గుర్తుందా? మీకు కథ కావాలి కదా, ఆ దారి వద్దు.

ఫార్ క్రై 2 (2008) తప్పకుండా ఆడండి. దాన్ని డైరెక్ట్ చేసిన క్లింట్ హాకింగ్ అంతకు ముందు ఏడాది బయోషాక్ అనే గేమ్ మీద రాసిన వ్యాసంలో ఆట ఒకటి చెబుతుంటే కథ ఇంకోటి చెబుతోందని ఎత్తిచూపాడు. ఆ తర్వాత వచ్చిన తన గేమ్‌లో రెండూ ఒకే మూలం నుంచి పుట్టేలా చూశాడు. ఆఫ్రికాలో ఒక దేశం, అంతర్యుద్ధం, నీకు మలేరియా. శిబిరం మీద పెట్రోలు సీసా విసురుతావు, ఎండుగడ్డి అంటుకుంటుంది, అంతలో గాలి నీ వైపు తిరుగుతుంది. వెనక్కి పరుగెడుతూ కాలుద్దామంటే తుప్పు పట్టిన తుపాకీ జామ్ అవుతుంది, చేత్తో కొట్టి సరిచేసేలోపు పడిపోతావు. ఒక స్నేహితుడు వచ్చి ఈడ్చుకుపోయి బతికిస్తాడు. ఇంకో కాల్పుల్లో అతనే నేల మీద పడి ఉంటాడు, మార్ఫిన్ సూది ఇస్తావు, సరిపోదు, ఇంకొకటి అడుగుతాడు, ఇంకొకటి. ఇస్తూ పోతే చచ్చిపోతాడు, ఆ చంపేది నీ చెయ్యే. ఒక్క కట్‌సీన్ లేకుండా నవ్వూ ఏడుపూ అదే నిప్పులోంచి వచ్చాయి. కాల్చి ఖాళీ చేసిన చెక్‌పోస్టుల్లోకి కాసేపటికే మళ్లీ మనుషులు వచ్చేసి విసిగిస్తారు, అది మాత్రం నేర్చుకోవద్దు.

రెడ్ డెడ్ రిడంప్షన్ 2 (2018) నుంచి కూడా ఒకటి తీసుకోవచ్చు. మొదట్లో అప్పు వసూలుకి వెళ్లి ఒక రోగిష్టివాణ్ని కొడతాం, చిన్న పని, బటన్లు నొక్కి మర్చిపోతాం. హీరో ఆర్థర్ మోర్గన్‌కి క్షయ అంటుకున్నది అక్కడేనని చాలా గంటల తర్వాత తెలుస్తుంది. ఆడుతూ పాడుతూ చేసిన పని కథలోకి తిరిగొచ్చినప్పుడు ఆ దెబ్బ ఏ డైలాగుతోనూ రాదు.

ఇప్పుడు మీ గనిబండి. ఆ గుట్ట కింద ఒక ముసలాయన్ని కూర్చోబెట్టండి. ఆటగాడు మూడోసారో నాలుగోసారో బండి వదిలినప్పుడు "నీ చెల్లెలూ ఇట్లే వదిలేది నాయనా, చెప్తే వినేది కాదు" అని ఆయన చేత అనిపించండి. అంతే, అడ్డుపడొద్దు, కెమెరా లాక్కోవద్దు, ఆటగాడు ఆగకపోతే పోనివ్వండి. ఇంకోసారి బండి పోయి పాత గోడకి గుద్దుకుంటే వెనక సొరంగం బయటపడాలి, అందులో చెల్లెలి వస్తువేదో ఉండాలి. మీ స్నేహితులు ఏ ఆట ఆడుకుంటున్నారో అదే ఆట ఆమె కూడా ఆడిందని తెలిస్తే ఆమె వాళ్లకి మనిషవుతుంది. మీ దగ్గర డబ్బూ టైమూ తక్కువ, ఇదైతే ఒక గొంతు, ఒక గోడ, ఒక వస్తువుతో అయిపోతుంది. ఆటగాడి చేతులు కట్టేయాల్సిన చోటు ఒక్కటే, ఆమె దొరికే చోటు. అక్కడ బండి, తుపాకీ రెండూ బయట వదిలి నడిచి వెళ్లనివ్వండి.

ముసలాయన గొంతు కుప్పం మాటలోనే రికార్డ్ చేయండి, ముందు అదొక్కటి పెట్టి అదే స్నేహితుల చేత మళ్లీ ఆడించండి. పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా చూడండి, ఎవరైనా బండి ఆపి ఆయన దగ్గరికి తిరిగొస్తారేమో గమనించండి. ఏం జరిగిందో నాకు రాయి, గేమ్ తయారయ్యాక నేనూ ఆడతాను.