కడుపులో గడ్డకి కీహోల్ ఆపరేషన్: మా నాన్నగారికి జరిగింది

"మా అమ్మకి 58 ఏళ్ళు. కడుపులో గడ్డ, బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది. ఒక డాక్టరు గారు పొట్ట తెరిచి తీయాలంటున్నారు, ఇంకొకరు కీహోల్‌లో తీస్తామంటున్నారు. అంత చిన్న రంధ్రాల్లోంచి గడ్డ మొత్తం వస్తుందా?" అని మీరు అడిగారు.

వస్తుందండీ. 2021లో ఇదే ప్రశ్న పట్టుకుని నేనూ రాత్రుళ్ళు నిద్ర లేకుండా గడిపాను.

మా నాన్నగారిది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. కడుపుమంటకి ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన గ్యాస్ మాత్రలతో ఏడెనిమిది నెలలు నెట్టుకొచ్చారు. విరేచనం నల్లగా అవుతున్నా మాకు చెప్పలేదు. హిమోగ్లోబిన్ 7కి పడిపోయాక గానీ ఎండోస్కోపీ దాకా వెళ్ళలేదు. జీర్ణాశయం కింది భాగంలో పుండు, అడినోకార్సినోమా అనే క్యాన్సర్.

వెంటనే ఆపరేషన్ చేసేయమని హైదరాబాదులో సర్జన్ గారి వెంట పడ్డాను. ఆయన ఒప్పుకోలేదు. ముందు చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి, పొట్ట లోపలి పొరకి పాకిందేమో చూశారు. సీటీలో దొరకని సన్న మచ్చలు ఒక్కోసారి అలా బయటపడతాయి. ఏమీ లేదని తేలాక రెండు వారాలకొకటి చొప్పున నాలుగు కీమోలు, ఆ తర్వాతే ఆపరేషన్. అయ్యాక ఇంకో నాలుగు.

గడ్డని ముక్కలు చేసి లాగుతారేమో, ఆ ముక్కలు లోపల రాలితే ఎలా అని నా భయం. అలా చేయరు. కార్బన్ డయాక్సైడ్‌తో పొట్టని ఉబ్బించి, అయిదు రంధ్రాల్లోంచి కెమెరా, పనిముట్లు పెట్టారు. జీర్ణాశయంలో మూడింట రెండు వంతులు, చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులతో సహా విడదీసి సంచిలో వేసి, బొడ్డు దగ్గర రెండంగుళాల కోతలోంచి చెక్కుచెదరకుండా బయటికి తీశారు. మిగిలిన భాగాన్ని చిన్నపేగుకి కలిపారు. అయిదు గంటలు పట్టింది. పైన కనిపించే కోత చిన్నదని ఇంట్లోవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. లోపల జరిగేది తెరిచి చేసినంత పెద్ద ఆపరేషనే.

బతికే అవకాశం ఏ పద్ధతిలో ఎక్కువ అన్నది అసలు ప్రశ్న కదా. కొరియాలో తొలి దశ రోగులు 1,416 మందిని రెండు జట్లుగా చేసి చూస్తే, అయిదేళ్ళకి కీహోల్ వాళ్ళలో 94.2 శాతం, తెరిచి చేసినవాళ్ళలో 93.3 శాతం బతికున్నారు. కీహోల్‌లో గాయం బాధలు తక్కువ. ముదిరిన గడ్డల మీద చైనాలో చేసిన పరిశోధనలోనూ మూడేళ్ళకి రెండు జట్లూ దాదాపు సమానమే. ఇవన్నీ ఈ ఆపరేషన్‌లో బాగా చెయ్యి తిరిగిన సర్జన్లు చేసినవని మరిచిపోకండి. అందుకే నేనైతే పద్ధతి కన్నా ముందు డాక్టరు గారిని "ఏడాదికి కడుపు క్యాన్సర్ ఆపరేషన్లు ఎన్ని చేస్తారు? డీ2 గ్రంథులన్నీ తీస్తారా?" అని అడుగుతాను. డీ2 అంటే జీర్ణాశయాన్ని ఆనుకున్న గ్రంథులతో పాటు దాని రక్తనాళాల వెంట ఉన్నవీ తీయడం. ఆపరేషన్ తర్వాత వచ్చే బయాప్సీ రిపోర్టులో కనీసం 16 గ్రంథులు లెక్కకి రావాలంటారు. నాన్నగారికి 27 వచ్చాయి, రెండింటిలో క్యాన్సర్ ఉంది. గడ్డ పక్క అవయవాలకి అతుక్కుపోయి ఉంటే తెరవడమే మేలు. మధ్యలో కీహోల్ ఆపి తెరవాల్సి వచ్చినా కంగారు పడకండి, అది మనిషిని కాపాడటానికి తీసుకునే నిర్ణయం.

మర్నాడే లేపి నడిపించారు. కోత కంటే కుడి భుజం నొప్పి ఎక్కువ బాధపెట్టింది, లోపల మిగిలిన గ్యాస్ వల్లనట. రెండ్రోజుల్లో తగ్గింది. ఎనిమిదో రోజు ఇంటికొచ్చాం.

అసలు కష్టం తిండి దగ్గర మొదలైంది. దీని గురించి మాకు ఎవరూ ముందుగా గట్టిగా చెప్పలేదు, ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. ఉగాదికి నాన్నగారు గిన్నెడు పాయసం తిన్నారు. పావుగంటలో ఒళ్ళంతా చెమట, గుండె దడ, కళ్ళు తిరగడం. గుండెపోటే అనుకుని పరుగెత్తాం. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే అలా అవుతుందని, డంపింగ్ అంటారని అప్పుడు తెలిసింది. అప్పట్నుంచి రోజుకి ఆరుసార్లు, గుప్పెడు గుప్పెడు: ఒక ఇడ్లీ, కొంచెం పప్పన్నం, ఉడికిన గుడ్డు. నీళ్ళు అన్నంతో కాదు, అరగంట ఆగి. 62 కిలోల మనిషి 51కి వచ్చి, ఏడాదికి 55 దగ్గర నిలబడ్డారు. ఐరన్, బి12 పరీక్షలు వదలకుండా చేయిస్తున్నాం. మీ అమ్మగారికి జీర్ణాశయం మొత్తం తీస్తే బి12 ఇంజెక్షన్లు జీవితాంతం కావాలి.

ఇంకొక్క మాట. బయాప్సీ కాగితం మీద "జిస్ట్" అని ఉందేమో చూడండి. అది వేరే రకం గడ్డ. చాలాసార్లు ఆ భాగం వరకు తీస్తే సరిపోతుంది, గ్రంథులన్నీ తీయక్కర్లేదు. ఆరోగ్యశ్రీలో వెళ్తుంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలిసి ఏ పద్ధతికి అనుమతి వస్తుందో ముందే కనుక్కోండి. రిపోర్టులో ఏముందో ఇక్కడ రాస్తే నాకు తెలిసినంత వరకు చెబుతాను.